పౌరసత్వానికి ఐదు నెలలు, అక్కడిదాకా వెళ్లడానికి పాతికేళ్లు

అమెరికా పౌరసత్వానికి దరఖాస్తు పెట్టిన రోజు నుంచి అది తేలేదాకా 2024 ఆర్థిక సంవత్సరంలో పట్టిన కాలం 4.9 నెలలు. ఇది అక్కడి ఇమిగ్రేషన్ శాఖ ఇచ్చిన మధ్యస్థ లెక్క. అంటే సగం దరఖాస్తులు అంతకన్నా ముందే తేలాయి, మిగతా సగానికి ఇంకాస్త ఎక్కువ పట్టింది. 2022లో ఇదే లెక్క పదిన్నర నెలలుండేది. ఈ మాట గుడివాడలో నలుగురు కూర్చున్న చోట చెప్పి చూడండి. "మావాడు వెళ్లి పదిహేనేళ్లు దాటింది, ఇంకా గ్రీన్ కార్డే రాలేదు. మీరు ఐదు నెలలంటారేమిటండీ?" అని ఎవరో ఒకరు అడ్డం పడతారు.

ఇద్దరిదీ నిజమే. పౌరసత్వం దగ్గర ఆలస్యం లేదు. ఆలస్యమంతా దానికి ముందున్న గ్రీన్ కార్డు దగ్గర. బందరు, గుడివాడ, దివిసీమల్లో పిల్లల్ని అమెరికా పంపిన ఇళ్లలో "సిటిజన్‌షిప్ ఎప్పుడు" అని అడుగుతుంటారు గానీ, అడగాల్సింది "ప్రయారిటీ డేట్ ఎంత" అని. ఆ తేదీ తెలిస్తే మిగతా లెక్క ఇంట్లో కూర్చుని కాగితం మీద వేసుకోవచ్చు.

ముందు మెట్లేమిటో చూద్దాం. చదువుకు ఎఫ్-1 వీసా, ఉద్యోగానికి హెచ్-1బి. తర్వాత, ఈ పనికి స్థానికంగా తగిన మనిషి దొరకలేదని కంపెనీ అక్కడి కార్మిక శాఖ దగ్గర రుజువు చేసుకోవాలి. దాన్ని పెర్మ్ అంటారు. ఆ అర్జీ దాఖలైన తేదీయే ప్రయారిటీ డేట్, అంటే మీవాడు వరుసలో నిలబడిన రోజు. ఆ తర్వాత కంపెనీ ఐ-140 అనే మరో అర్జీ పెడుతుంది. అదీ ఆమోదమైతే ఇక మిగిలింది గ్రీన్ కార్డు, అంటే శాశ్వత నివాస హక్కు. బండి ఆగేది అక్కడే.

ఎందుకు ఆగుతుందో చెప్పడానికి నాలుగు అంకెలు చాలు. ఉద్యోగం ద్వారా ఏడాదికి ఇచ్చే గ్రీన్ కార్డులు మొత్తం ప్రపంచానికి 1,40,000. అందులో మనవాళ్లు ఎక్కువగా ఉండే ఇబి-2, ఇబి-3 కేటగిరీలకు చెరి 28.6 శాతం, అంటే చెరి 40,040. అందులో ఏ ఒక్క దేశానికీ 7 శాతం మించకూడదు. ఒక్కో కేటగిరీలో ఇండియా వాటా అలా 2,803కు దిగుతుంది. ఇందులోనే భార్యాపిల్లల కార్డులు కూడా లెక్కలోకి వస్తాయి. ఇంటికి నలుగురు చొప్పున వేసుకుంటే ఏడాదికి 700 కుటుంబాలు. కాశ్మీరు నుంచి కన్యాకుమారిదాకా దేశం మొత్తానికి.

ఏడు శాతం అందరికీ సమానమే కదా, ఇందులో అన్యాయం ఏముంది అనిపించవచ్చు. కాలువ కింద సేద్యం చేసేవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. ప్రతి తూముకూ ఒకే కొలత నీళ్లు వదులుతామని, దాని కింద పది ఎకరాలున్నా పదివేల ఎకరాలున్నా పట్టించుకోమని అంటే ఎలా ఉంటుందో అలా ఉంది. నాలుగు లక్షల జనాభా కూడా లేని ఐస్‌లాండ్‌కూ, 140 కోట్ల ఇండియాకూ పరిమితి ఒకటే. అయితే పైవాళ్లు వాడుకోని నీళ్లు కిందికి వచ్చినట్టు, మిగతా దేశాలు వాడుకోని కార్డులు మిగిలితే పాత తేదీల వరుసన మనవాళ్లకూ చేరతాయి. అందుకే కొన్ని ఏళ్లలో 2,803 కన్నా ఎక్కువే వస్తాయి. దాన్ని నమ్ముకుని నారు పోయలేం.

ఇక్కడ రెండు సందేహాలు తరచూ వస్తాయి. కెనడా పౌరసత్వం తీసుకుని, ఆ పాస్‌పోర్టుతో అమెరికా వెళితే కెనడా వరుసలో నిలబడొచ్చా? నిలబడలేరు. ఈ చట్టం చూసేది పౌరసత్వాన్ని కాదు, పుట్టిన దేశాన్ని. గుడివాడ ఆస్పత్రిలో పుట్టినవాడు ఏ దేశం పాస్‌పోర్టు జేబులో పెట్టుకున్నా ఇండియా వరుసే. దీనికి ఇంకో వైపు కూడా ఉంది. తల్లిదండ్రులు కువైట్‌లో పనిచేస్తుండగా అక్కడ పుట్టిన తెలుగు కుర్రాడు కువైట్ లెక్కలోకి వస్తాడు. అతనికి ఈ దశాబ్దాల వరుసే లేదు. అతన్ని పెళ్లి చేసుకున్న అవనిగడ్డ అమ్మాయి కూడా కువైట్ వరుసలోనే నడవొచ్చు. సంబంధాలు చూసేటప్పుడు జాతకంతో పాటు పుట్టిన ఊరు కూడా అడుగుతున్నారంటే ఆశ్చర్యపోనక్కర్లేదు.

వరుసలో ఎంతమంది ఉన్నారు? కేటో ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన పరిశోధకుడు డేవిడ్ బియర్ 2023లో వేసిన లెక్క ప్రకారం ఉద్యోగ కేటగిరీల్లో ఆగిన కేసులు 18 లక్షలు, అందులో ఇండియావి 11 లక్షలు. 2011 జనాభా లెక్కల్లో గుడివాడ పట్టణంలో ఉన్నది సుమారు 1 లక్షా 18 వేల మంది. అంటే తొమ్మిది గుడివాడలు వరుసలో నిలబడ్డాయన్నమాట. ఏడాదికి 2,803 చొప్పున ఒక్క గుడివాడను లోపలికి పంపడానికే 42 ఏళ్లు పడుతుంది.

ఆ అధ్యయనంలోనే ఇంకో అంకె ఉంది. కొత్తగా ఇబి-2, ఇబి-3 వరుసలో చేరే భారతీయుడికి 134 ఏళ్లు పడుతుందని. వాట్సాప్‌లో చాలాసార్లు తిరిగిన అంకె ఇది. దీన్ని భయపెట్టడానికి వాడుతున్నారు గానీ, ఇది జోస్యం కాదు, భాగహారం. ఉన్నవాళ్లంతా చివరిదాకా నిలబడితే, చట్టం ఎప్పటికీ మారకపోతే ఎంత అని వేసిన లెక్క. మధ్యలో ఇంటికి తిరిగొచ్చేవాళ్లు, కెనడాకు మళ్లేవాళ్లు, అక్కడి పౌరుల్ని పెళ్లాడి వేరే దారిన వెళ్లేవాళ్లు ఉంటారు. 134 ఏళ్లు ఎవరూ నిలబడరు. అలాగని పదేళ్లలో అయిపోతుందని చెప్పే ఏజెంట్‌నూ నమ్మకండి.

మరి మావాడికి ఎన్నేళ్లు? దీనికి అమెరికా విదేశాంగ శాఖ ప్రతి నెలా వెలువరించే వీసా బులెటిన్ చూడాలి. అందులో వరుస ఉన్న దేశాలకు కేటగిరీల వారీగా ఒక తేదీ ఉంటుంది. మీ ప్రయారిటీ డేట్ దానికన్నా ముందుదైతే మీ వంతు వచ్చినట్టు. 2025 సెప్టెంబరు బులెటిన్‌లో ఇండియా ఇబి-2 తేదీ 2013 జనవరి 1, ఇబి-3 తేదీ 2013 మే 22. ఇక్కడే చాలామంది పొరబడతారు. 2025లో 2013 నడుస్తోంది కాబట్టి పన్నెండేళ్లలో వచ్చేస్తుందనుకుంటారు. అలా కాదు. ఏడాది ముందు, 2024 సెప్టెంబరులో, ఇబి-2 తేదీ 2012 జులై 15. అంటే పన్నెండు నెలల్లో వరుస జరిగింది ఐదున్నర నెలలు. ఈ వేగమే ఉంటే వరుసలో ఒక్క సంవత్సరం దాటడానికి మనకు రెండేళ్లు పైనే పడుతుంది.

పోనీ, వేగం అంతే ఉంటుందా? ఉండదు. ఒక్కోసారి వెనక్కి కూడా నడుస్తుంది. కోవిడ్ కాలంలో ప్రపంచమంతా కాన్సులేట్లు మూతపడి కుటుంబ కేటగిరీ కార్డులు మిగిలిపోయాయి. చట్టం ప్రకారం అవి మరుసటి ఏడాది ఉద్యోగ కేటగిరీలోకి వచ్చాయి. 2022లో 1,40,000 ఉండాల్సిన చోట 2,81,507 వచ్చాయి. ఆ ఊపులో ఇండియా ఇబి-2 తేదీ 2022 సెప్టెంబరుకల్లా 2014 డిసెంబరు 1దాకా పరుగెత్తింది. మరుసటి నెలలోనే 2012 ఏప్రిల్‌కు పడింది, డిసెంబరుకు 2011 అక్టోబరుకు, 2023 ఏప్రిల్‌కు 2011 జనవరికి. దీన్నే రెట్రోగ్రెషన్ అంటారు, అంటే తేదీ వెనక్కి పోవడం. 2025 సెప్టెంబరు నాటికి కూడా అది మళ్లీ 2014ను చూడలేదు. 2022లో తేదీ వచ్చిందని ఊళ్లో స్వీట్లు పంచి, కేసు తేలకముందే తేదీ వెనక్కి పోయినవాళ్లు ఎందరో.

ఒక ఇంటి లెక్క వేద్దాం. 1988లో పుట్టిన కుర్రాడు గుడ్లవల్లేరు ఇంజినీరింగ్ కాలేజీలో 2009లో బీటెక్ ముగించాడు, 2011లో అమెరికాలో ఎంఎస్ చేశాడు, ఉద్యోగం కుదిరింది, కంపెనీ 2016 ఏప్రిల్‌లో పెర్మ్ పెట్టింది. 2013 జనవరి నుంచి 2016 ఏప్రిల్‌కు 39 నెలలు. ఏడాదికి ఐదున్నర నెలల నడకన ఏడేళ్ల పైచిలుకు. అంటే 2032 చివరలో గ్రీన్ కార్డు. అక్కడి నుంచి ఐదేళ్లకు, 2037లో, పౌరసత్వం. అప్పటికి అతనికి 49 ఏళ్లు. తల్లిదండ్రులకు గ్రీన్ కార్డు పెట్టాలంటే కొడుకు పౌరుడై ఉండాలి, గ్రీన్ కార్డు ఉంటే చాలదు. ఆ అర్జీకి, వీసాకు ఇంకో ఏడాదీ రెండేళ్లూ. 1958లో పుట్టిన తండ్రికి అప్పటికి ఎనభై దాటుతాయి.

ఇంత కాలం హెచ్-1బి మీద ఎలా ఉంటారు, అది ఆరేళ్లే కదా? నిజమే, మామూలుగా ఆరేళ్లే. ఐ-140 ఆమోదమై తేదీ రాని వాళ్లకు మూడేళ్ల చొప్పున పొడిగించవచ్చని 2000లో చేసిన చట్టం ఉంది. మనవాళ్ల సంసారాలన్నీ ఆ మూడేళ్ల కాగితాల మీదే నడుస్తున్నాయి. ఉద్యోగం మారితే వరుస పోతుందా అన్నది ఆ వెనకే వచ్చే భయం. ఐ-140 ఆమోదమై 180 రోజులు దాటితే పాత కంపెనీ దాన్ని వెనక్కి తీసుకున్నా ప్రయారిటీ డేట్ నిలుస్తుంది. కొత్త కంపెనీ పెర్మ్, ఐ-140 మళ్లీ చేయాలి గానీ తేదీ పాతదే. ఉద్యోగం ఊడితే మాత్రం మరో ఉద్యోగం చూసుకోవడానికి గరిష్ఠంగా 60 రోజులు. అందుకే లేఆఫ్ వార్త వచ్చిన రోజు ఇక్కడ ఇళ్లలో ఫోన్లు ఆగవు.

పిల్లల వయసు ఇంకో చిక్కు. ఇండియాలో పుట్టి తల్లిదండ్రులతో వెళ్లిన పిల్లలు 21 దాటేలోపు తేదీ రాకపోతే ఆ కేసు నుంచి జారిపోతారు. ఐ-140 తేలకుండా పడి ఉన్న రోజుల్ని వయసులోంచి తీసివేసే చట్టం ఒకటుంది. తమాషా ఏమిటంటే, అదనపు రుసుం కట్టి ఐ-140ని పదిహేను పనిదినాల్లో తేల్చుకున్నవాళ్లకు తీసివేయడానికి రోజులే మిగలవు. అక్కడే పుట్టిన పిల్లల సంగతి దీనికి తలకిందులు. 2020 ప్రయారిటీ డేట్ ఉన్న తండ్రికి పై లెక్కన 2040 చివరో, ఆ తర్వాతో వస్తుంది. అతనికి 2016లో అక్కడ పుట్టిన కూతురు పౌరురాలు, 2037లో 21 నిండుతాయి. ఆ రోజు ఆమె తల్లిదండ్రులకు అర్జీ పెట్టవచ్చు, ఆ కేటగిరీకి సంఖ్యా పరిమితి లేదు. కంపెనీ కన్నా కూతురే ముందు ఇప్పిస్తుంది.

వరుస ఎప్పుడూ ఇంతేనా అంటే, ఒకప్పుడు వరుసే లేదు, తలుపు మూసి ఉండేది. 1923 ఫిబ్రవరిలో భగత్ సింగ్ థింద్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు భారతీయులు పౌరసత్వానికి అర్హులు కారని తేల్చింది. అదే ఏడాది అక్టోబరులో భీమవరంలో పుట్టిన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు బోస్టన్‌లో దిగారు. 1946లో చట్టం మారి భారతీయులకు పౌరసత్వ అర్హత వచ్చింది, వలసకు ఏడాదికి వంద మంది కోటా పెట్టారు. సుబ్బారావు 1948లో కన్నుమూశారు. 1965 చట్టంతో ఒక్కో దేశం నుంచి ఏడాదికి 20 వేల మందిదాకా వెళ్లే వీలు కలిగింది. ఇప్పటి ఏడు శాతం 1990 నాటిది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల వెల్లువను ఊహించని రోజుల్లో గీసిన గీత అది.

గ్రీన్ కార్డు వచ్చాక మాత్రం దారి సాఫీ. ఐదేళ్లు నిండాలి, అమెరికా పౌరుల్ని పెళ్లాడి కలిసి ఉంటున్నవాళ్లకు మూడేళ్లు. గడువుకు 90 రోజుల ముందే ఎన్-400 అనే దరఖాస్తు పెట్టుకోవచ్చు. 2024 ఏప్రిల్ నుంచి రుసుం ఆన్‌లైన్‌లో 710 డాలర్లు, కాగితం మీదైతే 760. డాలరు 85 రూపాయలనుకుంటే ఆన్‌లైన్‌లో అరవై వేల చిల్లర. ఐదేళ్లలో కనీసం సగం, అంటే 913 రోజులు, అమెరికా నేల మీద ఉండి ఉండాలి. ఒకే విడతలో ఆరు నెలలు మించి బయట ఉంటే నివాసం తెగలేదని మీరే రుజువు చేసుకోవాలి, ఏడాది దాటితే తెగినట్టే. పాస్‌పోర్టు మీది ముద్రలు పక్కన పెట్టుకుని రాకపోకల పట్టిక ఏ ఏటికా ఏడు రాసుకోవడం మేలు. ఐదేళ్ల తర్వాత గుర్తు చేసుకుని రాయడం కష్టం.

పరీక్ష సంగతి. 2025 అక్టోబరు 20న గానీ ఆ తర్వాత గానీ పెట్టిన దరఖాస్తులకు కొత్త పరీక్ష. అమెరికా చరిత్ర, ప్రభుత్వం మీద 128 ప్రశ్నల జాబితా ముందే ఇస్తారు. అందులో 20 దాకా అడుగుతారు, 12 సరిగా చెప్పాలి. గ్రూప్ పరీక్షలకు చదివిన ఇళ్లకు ఇదొక లెక్క కాదు. చిక్కల్లా ఇంగ్లిషుతో, అదీ అమ్మానాన్నలకు. యాభై ఏళ్లు దాటి గ్రీన్ కార్డు మీద ఇరవై ఏళ్లు, లేదా యాభై అయిదు దాటి పదిహేనేళ్లు ఉన్నవాళ్లకు ఇంగ్లిషు మినహాయింపు, దుబాసీని పెట్టుకుని తెలుగులోనే జవాబులు చెప్పొచ్చు. కానీ అరవై ఐదేళ్ల వయసులో గ్రీన్ కార్డు మీద వెళ్లిన అమ్మకు ఆ పదిహేనేళ్లు నిండేసరికి ఎనభై. అంతకుముందే కావాలంటే ఇంగ్లిషులో ఒక వాక్యం చదివి, ఒక వాక్యం రాయాల్సిందే. వైద్య కారణాల మీద వేరే మినహాయింపు ఉంది.

ఇప్పుడు ఈ కథనంలో నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించేది, కాగితాలు. వరుసను మనం జరపలేం, కాగితాలు సిద్ధం చేసుకోగలం. తేదీ వచ్చిన నెలలో జనన ధ్రువపత్రం కోసం పరుగులు పెట్టే కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి.

జనన ధ్రువపత్రం తీసి చూడండి. తండ్రి పేరు, తల్లి పేరు, తేదీ, ఊరు అన్నీ ఉంటాయి, బిడ్డ పేరు ఉండాల్సిన గడి ఖాళీగా ఉంటుంది. బారసాలకు ముందే ఆస్పత్రి నుంచి నమోదైన కేసుల్లో ఇది మామూలే. దాన్ని పంచాయతీలోనో మున్సిపాలిటీలోనో రుసుం కట్టి రాయించుకోవచ్చు, ఆలస్యమైన కొద్దీ తిప్పలు పెరుగుతాయి. తర్వాత ఇంటిపేరు. పదో తరగతి సర్టిఫికెట్‌లో పొడి అక్షరం, పాస్‌పోర్టులో పూర్తిగా, జనన ధ్రువపత్రంలో అసలు లేకుండా ఉంటే, ఈ ముగ్గురూ ఒకరేనని అఫిడవిట్ పెట్టుకోవాలి. అక్షరం తేడా కూడా తేడాయే.

పెద్దవాళ్ల కాగితాలు మరీ కష్టం. జనన మరణాల నమోదు చట్టం 1969 నాటిది, అమల్లోకి వచ్చింది 1970లో. అంతకుముందు పుట్టినవాళ్లకు చాలామందికి నమోదే లేదు. ఇక దివిసీమలో 1977 నవంబరు 19 ఉప్పెన మనుషుల్నే పదివేలకు పైగా పొట్టన పెట్టుకుంది. ఇంటి పెట్టెల్లోని కాగితాల సంగతి అడగనే అక్కర్లేదు. నాగాయలంక, కోడూరు వైపు పెద్దలు దిగులు పడనక్కర్లేదు, దీనికీ దారి ఉంది. రికార్డు లేదని స్థానిక అధికారి ఇచ్చే పత్రం, దానితో పాటు బడి రికార్డు ఉంటే అది, ఆ పుట్టుక ఎరిగిన ఇద్దరు పెద్దల అఫిడవిట్లు ఇవ్వాలి. ఇద్దరు పెద్దలన్న దగ్గర కాస్త ఆలోచించండి. అమ్మ పుట్టుక తెలిసినవాళ్లు అంటే మేనమామ, పెద్దమ్మ. వాళ్లకు తొంభై దగ్గర పడుతుంటాయి. ఈ ఒక్క కాగితానికీ వాయిదా లేదు.

కొడుకు తండ్రికి అర్జీ పెట్టాలంటే తల్లిదండ్రుల పెళ్లి కాగితం కూడా కావాలి. 1980ల్లో జరిగిన పెళ్లిళ్లలో రిజిస్టరైనవి ఎన్ని? అందుకే డెబ్బయ్యోపడిలో ఉన్న దంపతులు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఒకరి పక్కన ఒకరు కూర్చుని, రంగు వెలిసిన శుభలేఖ, నలుపు తెలుపు ఫోటో ముందు పెట్టుకుని, సాక్షులతో సంతకాలు చేస్తుంటారు. మనవలు నవ్వుతారు గానీ ఆ పని ఇప్పుడే చేసుకోవడం తెలివి. మరో సంగతి, తల్లిదండ్రుల గ్రీన్ కార్డు ఇంటర్వ్యూ హైదరాబాదు కాన్సులేట్‌లో జరగదు, ముంబయి వెళ్లాలి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు ఇదీ లెక్కే.

అసలు అమ్మానాన్నలకు గ్రీన్ కార్డు అవసరమా? నా అభిప్రాయం అడిగితే, ఏడాదిలో ఎక్కువ కాలం ఇక్కడే ఉండి పొలం, ఇల్లు చూసుకునేవాళ్లకు అక్కర్లేదు. గ్రీన్ కార్డు అంటే అక్కడే ఉండాలన్న షరతు. ఏడాది దాటి ఇక్కడ ఉండిపోతే కార్డు మీద వెనక్కి వెళ్లడం కష్టం. రెండేళ్లదాకా రక్షణ ఇచ్చే రీ-ఎంట్రీ పర్మిట్ ఉంది, దానికి అమెరికాలో ఉండగానే అర్జీ పెట్టాలి. పదేళ్ల విజిటర్ వీసా ఉంటే ఒక్కో విడతకు మామూలుగా ఆరు నెలలు ఉండొచ్చు, పురుటి సాయానికీ మనవల సెలవులకూ అది చాలు. ఒంటరిగా మిగిలిన తల్లికో తండ్రికో మాత్రం గ్రీన్ కార్డు సంగతి వేరు. అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్లకు పెట్టే అర్జీల వరుస ఇంకోటి ఉంది. 2025లో దానికి నడుస్తున్న తేదీ 2006.

ఇక మనవైపు లెక్క. అమెరికా పౌరసత్వ ప్రమాణం చేసిన క్షణానే భారత పౌరసత్వం పోతుంది. 1955 చట్టం తొమ్మిదో సెక్షన్ అది, రెండు పౌరసత్వాలకు మన దగ్గర చోటు లేదు. పాత పాస్‌పోర్టు అప్పగించాలి, దానితో మళ్లీ ప్రయాణిస్తే నేరం. పార్లమెంటుకు విదేశాంగ శాఖ ఇచ్చిన లెక్కలో 2024లో భారత పౌరసత్వం వదులుకున్నవాళ్లు 2,06,378 మంది. 2011 లెక్కల్లో బందరు జనాభా సుమారు 1 లక్షా 70 వేలు, అంటే ఆ ఒక్క ఏడాదిలోనే ఒక బందరు కన్నా ఎక్కువ. అందరూ అమెరికాకే కాదు. 2021లో వదులుకున్న 1,63,370 మందిలో అమెరికా పౌరులైనవారు 78,284, సగానికి కాస్త తక్కువ.

బదులుగా దొరికేది ఓసీఐ కార్డు. 2006 జనవరిలో హైదరాబాదులో జరిగిన ప్రవాసీ భారతీయ దివస్‌లోనే దీన్ని మొదలుపెట్టారు. జీవితాంతం వీసా లేకుండా రాకపోకలు చేయొచ్చు, ఇల్లు, ఫ్లాటు కొనొచ్చు. ఓటు లేదు, ఎన్నికల్లో నిలబడలేరు. వ్యవసాయ భూమి కొనలేరు. డెల్టా కుటుంబాలకు తగిలేది ఇదే, ఇందులో చాలామందికి తెలియని మెలిక ఒకటుంది. భారత పౌరసత్వం ఉంచుకున్న ఎన్నారైకి కూడా పొలం కొనే హక్కు లేదు. తండ్రి బతికుండగా గిఫ్ట్ డీడ్‌తో పొలం రాసిచ్చినా చెల్లదు. వారసత్వంగా, వీలునామా ద్వారా వస్తే మాత్రం నిక్షేపంగా ఉంచుకోవచ్చు, అమ్మదలిస్తే ఇక్కడ ఉంటున్న భారత పౌరుడికే అమ్మాలి. చేపల చెరువైనా, రొయ్యల చెరువైనా రెవెన్యూ రికార్డులో వ్యవసాయ భూమి అయితే ఇదే వర్తిస్తుంది. కాబట్టి కొడుక్కి పొలం ఇవ్వాలనుకునే తండ్రి వెళ్లాల్సింది గిఫ్ట్ డీడ్‌కు కాదు, వీలునామాకు.

మనసు మారి తిరిగి భారత పౌరసత్వం తీసుకోవచ్చా? తీసుకోవచ్చు, కానీ అదీ వరుసే. దరఖాస్తుకు ముందు పన్నెండు నెలలు ఇక్కడే నివసించి ఉండాలి. వేములవాడ నుంచి నాలుగుసార్లు ఎమ్మెల్యేగా గెలిచిన చెన్నమనేని రమేశ్ కేసు ఇందుకు పాఠం. 1993లో జర్మనీ పౌరసత్వం తీసుకున్న ఆయనకు 2009లో భారత పౌరసత్వం తిరిగి వచ్చింది. ఆ పన్నెండు నెలల్లో చేసిన విదేశీ ప్రయాణాల్ని దాచారంటూ కేంద్ర హోం శాఖ దాన్ని రద్దు చేసింది. కోర్టుల్లో ఏళ్ల తరబడి నడిచాక 2024 డిసెంబరులో తెలంగాణ హైకోర్టు ఆయన జర్మనీ పౌరుడేనని తేల్చి 30 లక్షల రూపాయలు ఖర్చుల కింద చెల్లించమంది.

మిగతా దేశాల సంగతి రెండు మాటల్లో. కెనడాలో ఐదేళ్లలో 1,095 రోజులు, అంటే మూడేళ్లు, ఉంటే పౌరసత్వానికి అర్జీ పెట్టొచ్చు. ఆస్ట్రేలియాలో నాలుగేళ్లు, అందులో చివరి ఏడాది శాశ్వత నివాసిగా. రెండు చోట్లా పుట్టిన దేశాన్ని బట్టి ఏడు శాతం గీత లేదు. గల్ఫ్‌కు వెళ్లినవాళ్లకు ఈ లెక్కలేవీ అక్కర్లేదు, అక్కడ ముప్ఫయ్యేళ్లు చేసినా పౌరసత్వం దాదాపు దొరకదు.

మీవాడి ప్రయారిటీ డేట్ ఈ ఆదివారం ఫోన్‌లో అడిగి కేలండర్ మీద రాసిపెట్టుకోండి. బులెటిన్ చూడటానికి ఎవరికీ రూపాయి ఇవ్వనక్కర్లేదు, అది అందరికీ ఉచితం. మేనమామగారు ఓపికగా ఉన్నప్పుడే అఫిడవిట్ మీద సంతకం చేయించండి.